దాత శ్రీ ఎల్. వి. ప్రసాదు గారు

మనవలెనే పొట్ట చేతపట్టుకొని పరాయి ఊరు వెళ్లి, గడించినదానిలో కొంత లోకానికి తిరిగి ఇచ్చిన ఒక తెలుగు పెద్ద జీవితాన్ని ఈ సంచికలో మనవి చేయదలచాము. రైల్వేలో గుమాస్తా పని చేసుకొనే మాకు పాండిత్యం లేదు. తప్పులుంటే పెద్దలు మన్నింతురు గాక.

అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు గారు 1908 జనవరి 17వ తేదీన ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. చదువు కంటె నాటకాల మీద మక్కువ హెచ్చు. తండ్రి శ్రీరాములు గారు అప్పులపాలై, భూములు వదులుకొని దివాలా తీయవలసి వచ్చింది. ఆ అవమానం భరించలేక ప్రసాదు గారు ఇంట్లో చెప్పకుండా బొంబాయి దారి పట్టారు. అక్కడ వీనస్ ఫిలిం కంపెనీలో చిల్లర పనులు చేసే కుర్రవాడుగా చేరారు. 1931లో మొదటి హిందీ టాకీ ఆలం ఆరాలోను, మొదటి తమిళ టాకీ కాళిదాసులోను, ఆ తరువాత మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలోను వేషాలు వేశారు. ఈ మూడింటిలోను ఉన్న ఖ్యాతి వారిది.

పిదప మద్రాసు వచ్చి గృహప్రవేశం (1946), మన దేశం (1949), షావుకారు (1950), మిస్సమ్మ (1955) వంటి చిత్రాలకు దర్శకత్వం వహించారు. నందమూరి తారక రామారావు గారు తొలిసారి తెరపై కనిపించినది మన దేశంలోనే. 1956లో సొంత సంస్థ పెట్టి హిందీలో కూడ చిత్రాలు తీశారు. 1976లో మద్రాసులో ఫిలిం లాబొరేటరీ నెలకొల్పారు. 1982 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వారిని వరించింది. ఇదంతా సినిమాలు చూచేవారికి తెలిసినదే. మేము ముఖ్యంగా చెప్పదలచినది వేరొకటి ఉంది.

అమెరికాలో పనిచేసి స్వదేశం తిరిగివచ్చిన డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో ఒక నేత్ర వైద్య సంస్థ స్థాపింప పూనుకొన్నారు. ప్రసాదు గారి కుటుంబం అందుకు 5 ఎకరాల స్థలం, 1 కోటి రూపాయలు దానమిచ్చింది. 1987లో ఆ సంస్థ ప్రసాదు గారి పేరుతోనే పని ప్రారంభించింది. ఇచ్చుకోగలిగినవారి వద్ద రుసుము తీసుకొనుట, ఆ రాబడి ఆసరాతో బీదలకు ఉచితంగా చేయుట దాని పద్ధతి. చికిత్సతోపాటు పరిశోధనను కూడ మొదటినుండి తన పనిగా పెట్టుకొన్నది.

పరిశోధనకు డబ్బెందుకని కొందరడుగుతారు. ఆపరేషన్లు చేయించిన పుణ్యం కంటికి కనబడుతుంది. సత్రం కట్టిస్తే గోడమీద పేరుంటుంది. పరిశోధనకిచ్చిన సొమ్ము ఏమైనదో పదేళ్లకు గాని తెలియదు. మా మేనమామ గారికి చిన్నతనంలో, ఉగాదికి ఇల్లు వెల్ల వేయుటకు సున్నం కలుపుతుండగా, ఒక కంట్లో సున్నం చిందింది. ఎవరికి చూపినా నయం కాదన్నారు. ఆయన జీవితమంతా ఒక కంటితోనే గడిపారు. అప్పుడు లోపించినది డబ్బు కాదు, విద్య.

ఆ విద్య తరువాత వచ్చింది. 2001 నుండి హైదరాబాదు సంస్థవారు ఇటువంటి రోగులకు, బాగున్న కంటి నల్లగుడ్డు అంచునుండి ఆవగింజంత ముక్క తీసి, దానిలోని మూలకణాలను ప్రయోగశాలలో పెంచి, కాలిన కంటిపై అతికే చికిత్స చేస్తూ వచ్చారు. వందలమందికి దీనివలన మేలు జరిగింది. 1996-2000 సంవత్సరాల మధ్య 10,293 మందిని పరీక్షించి అంధత్వపు లెక్క తీశారు. నూటికి 1.84 మంది అంధులని, వారిలో సగానికి మించినవారికి శుక్లాలో, తగిన కళ్లజోడు లేకపోవుటయో కారణమని తేలింది. ఆ పరీక్షలు జరిగిన చోట్లలో ప్రసాదు గారు పుట్టిన పశ్చిమ గోదావరి జిల్లా కూడ ఒకటి. ఎక్కడ ఏ జబ్బున్నదో తెలిస్తే గదా వైద్యం పల్లెకు చేరేది!

ప్రసాదు గారు 1994 జూన్ 22వ తేదీన కాలధర్మం చెందారు. మూలకణాల చికిత్సను వారు చూడలేదు. తాము చూడబోని ఫలితానికి ఇచ్చినందుననే ఆ దానం గొప్పదని మాకు తోస్తుంది.

మనం కోటీశ్వరులం కాము. అయినను మన సంఘం చందాలలో ఏటా కొంత కంటి పరిశోధనకు వేరుగా తీసిపెట్టవచ్చు. మరణించిన 6 గంటలలోపల నేత్రదానం చేయవచ్చునని ప్రతి ఇంటా పెద్దలు పిల్లలకు చెప్పి ఉంచవచ్చు. ఈ పండుగనాడు వెల్లకు సున్నం కలిపేవారు పిల్లలను దూరంగా ఉంచండి. ఒకవేళ కంట్లో పడితే వెంటనే మంచినీటితో చాలాసేపు కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్లండని మా ప్రార్థన.