తన తల మీద తన చెయ్యి

దోర్నకల్ బిషప్ అజరయ్య గారు తెలుగువారు కాదు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య అనేది పూర్తి పేరు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో ఒక పాస్టరు గారి ఇంట్లో పుట్టారు. ఇంట్లో మాట్లాడేది తమిళం. అయినా ఆయన పేరు ఎత్తితే అందరికీ గుర్తొచ్చేది దోర్నకల్ జంక్షనే. ఆ ఊరు ఇప్పుడు తెలంగాణలో, మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఆయన వెళ్లేనాటికి అది నిజాం రాజ్యం. మన రాయచూరు కూడా అప్పుడు నిజాం రాజ్యంలోదే. 1956లో భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడే దాకా ఆ ఊరూ మన ఊరూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. అందుకే ఈయన నాకు పరాయివారిలా అనిపించలేదు.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు కానీ డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వైఎంసిఎలో ఉద్యోగం. దక్షిణాదిలో ఊరూరా తిరిగి యువకులతో మాట్లాడటమే పని. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్లి చేసుకున్నారు. ఆ రోజుల్లో దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో కాలేజీ మెట్లెక్కిన అతి కొద్దిమందిలో ఆమె ఒకరు. ఆ పెళ్లిలో కట్నం లేదు, ఆర్భాటం లేదు. 1898లో! మన క్లాసులో ఎవరికైనా ఇప్పుడు అలాంటి సంబంధం వస్తే పేపర్లో వేస్తారేమో.

ఆయన జీవితం మలుపు తిరిగింది 1902లో, సిలోనులోని జాఫ్నాలో. అక్కడి తమిళ క్రైస్తవ విద్యార్థులు తమలో తాము డబ్బు పోగుచేసి, సువార్త చెప్పడానికి సముద్రం దాటించి మన దేశానికి మనుషుల్ని పంపుతున్నారు. తిరునెల్వేలిలో సంఘం పుట్టి తరాలైంది, వేలమంది విశ్వాసులున్నారు. అయినా పక్క ప్రాంతానికి ఒక్కరిని కూడా సొంతంగా పంపలేదు. ఆ సంగతి ఆయనకు సిగ్గుగా తోచింది. తిరిగి రాగానే మరికొందరితో కలిసి 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలుపెట్టారు. మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, నడిపేదీ మనమే అన్నది దాని కట్టుబాటు. అప్పటిదాకా సువార్త అంటే సీమ దొర చేసే పని, ఖర్చు కూడా సీమదే. ఆ సొసైటీ ఎంచుకున్న చోటే దోర్నకల్ ప్రాంతం.

ఇతరుల్ని పంపి తను ఆఫీసులో కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. 1909లో వైఎంసిఎ ఉద్యోగం వదిలేసి, గురువుగా అభిషేకం పొంది, తనే దోర్నకల్ వెళ్లారు. అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదు దగ్గర. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నారు. ఇది ఎంత కష్టమో నాకు కొంచెం తెలుసు. మా నాన్న కన్నడం మనిషి, అమ్మ తెలుగు. నాన్న ఇరవై ఏళ్ల నుంచి తెలుగు మాట్లాడుతున్నా, కోపం వస్తే మాత్రం కన్నడంలోకి దూకేస్తారు. అజరయ్య గారు ఆ నేర్చుకున్న భాషలోనే ప్రసంగాలు చేశారు, తగవులు తీర్చారు, ముప్పై ఏళ్లకు పైగా జనం మధ్య బతికారు.

1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అంతమంది తెల్లవారి మధ్య నిలబడి, మీరు మాకు త్యాగాలు చేశారు, దానాలు చేశారు, కానీ స్నేహం మాత్రం చేయలేదని చెప్పారాయన. సభలో కొందరికి ఒళ్లు మండింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. వద్దన్నవాళ్లు తెల్లవారిలోనూ ఉన్నారు, మనవాళ్లలోనూ ఉన్నారు. అప్పటికి ఆయన వయసు 38.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణమైన సంగతి. బాప్తిస్మం తీసుకునేవారి చేత అజరయ్య గారు ఒక పని చేయించేవారు. తమ చెయ్యి తమ తల మీద పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త చెప్పకపోతే కీడు నాకే అని పలకమనేవారు. అది పౌలు కొరింథు సంఘానికి రాసిన పత్రికలోని మాట. మన ఊళ్లలో ఎవరైనా నెత్తిన చెయ్యి పెట్టుకున్నారంటే ఏదో నష్టం జరిగిందనుకుంటాం, లేదా ఒట్టు వేస్తున్నారనుకుంటాం. ఇది ఆ రెండో రకం. అక్కడ నిలబడ్డవాళ్లు ఎవరు? ఎక్కువమంది మాలలు, మాదిగలు. పొలాల్లో కూలికి పోయేవాళ్లు, చాలామంది అక్షరం రానివాళ్లు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషితో, నీ దగ్గర ఊరంతటికీ చెప్పాల్సిన మాట ఒకటుంది అని ఆయన చెప్పారన్నమాట. బాధ్యత అప్పగించడమంటే గౌరవించడం కూడా అని నాకు అప్పుడే అర్థమైంది.

ఏటా ఒక వారం సాక్ష్యం కోసం కేటాయించేవారు. ఆ వారంలో సంఘస్థులు గుంపులుగా చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి పాటలు పాడేవారు, తమకు తెలిసినంత చెప్పేవారు. కానీ చెప్పేవాడి బతుకు బాగాలేకపోతే వినేదెవరు? అందుకే తాగుడు మానాలని, ఇల్లూ ఒళ్లూ శుభ్రంగా ఉంచుకోవాలని, మాలలూ మాదిగలూ ఒక్కచోట కూర్చోవాలని పట్టుబట్టారు. ఈ చివరిది అన్నిటికంటే కష్టమైంది. బాప్తిస్మం నీళ్లు కులాన్ని అంత తేలిగ్గా కడగవు, ఇప్పటికీ కడగలేదు. అన్బు గారు పల్లె స్త్రీల మధ్య పనిచేశారు. ఆమె గురించి పుస్తకాల్లో ఇంకా ఎక్కువ రాయాల్సింది.

ఆయనతో గట్టిగా విభేదించిన పెద్దమనిషి గాంధీగారు. 1930లలో, ముఖ్యంగా అంబేద్కర్ గారు హిందూమతం వదిలేస్తానని ప్రకటించిన తర్వాత, ఆ వాదన బాగా ముదిరింది. సేవ చేయండి, మతం మార్చకండి, పేదవాడి అవసరాన్ని వాడుకోవద్దు అన్నది గాంధీగారి వైపు. పేదవాడికీ మనసు ఉంది, ఏది మంచిదో తేల్చుకునే శక్తి ఉంది, అది లేదనడమే అవమానం అన్నది అజరయ్య గారి వైపు. ఇది హాస్టల్ గదిలో కూడా నడిచే వాదనే. మా బెంచీలో హిందువులున్నారు, ముస్లింలున్నారు, లింగాయతులున్నారు. పరీక్షకు ముందు ఒక స్నేహితురాలి కోసం ప్రార్థన చేస్తానని అంటే అది ప్రేమా, ఒత్తిడా? గాంధీగారి భయం నాకు ఉత్తదిగా అనిపించదు, అన్నం పెట్టి నమ్మకం అడిగినవాళ్లు ఉన్నారు. కానీ మొత్తం మీద నేను అజరయ్య గారి వైపే. ఆయన చెయ్యి పెట్టుకోమన్నది ఎవరి తల మీద వాళ్లనే. అవతలివాళ్ల తల మీద కాదు. చెప్పడం వరకే నా బాధ్యత, వినాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. ఇంకొకటి, చట్టసభల్లో క్రైస్తవులకు విడిగా సీట్లు ఇస్తామన్నప్పుడు ఆయన వద్దన్నారు. ఓట్ల లెక్క కలిస్తే సువార్తను ఎవరూ సువార్తగా చూడరని ఆయన భయం.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద గుడిని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. సీమ గోపురాలు కాకుండా మన మండపాల్లో కనిపించే స్తంభాలు, మసీదులకుండే గుమ్మటాలు కలిపి కట్టారు. 1945 జనవరి 1న ఆ ఊళ్లోనే కన్నుమూశారు. అప్పటికి అధ్యక్ష మండలంలో విశ్వాసులు రెండు లక్షలు దాటారు. అప్పటికీ ఆంగ్లికన్ సంఘంలో ఒక అధ్యక్ష మండలానికి బిషప్‌గా ఉన్న భారతీయుడు ఆయన ఒక్కరే. శాఖలుగా చీలిన సంఘాలు ఒకటి కావాలని 1919 నుంచి ఆయన తిరగని సభ లేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆయన పోయిన దాదాపు రెండేళ్ల తొమ్మిది నెలలకు.