హకీం రాజీ: రోగులే ఆయన గ్రంథాలయం

నేటి టెహ్రాన్ నగరానికి ఆనుకుని రయ్ అనే ప్రాచీన పట్టణం ఉంది. అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ అక్కడే క్రీ.శ. 865 ప్రాంతంలో జన్మించారు. రయ్ వాసి కనుకనే ఆయనకు రాజీ అనే పేరు స్థిరపడింది. మొదట రయ్‌లోనూ, తర్వాత అబ్బాసీ ఖలీఫాల రాజధాని బాగ్దాద్‌లోనూ ఆయన దవాఖానాలకు ప్రధాన వైద్యులుగా పనిచేశారు.

బాగ్దాద్‌లో దవాఖానా కట్టడానికి స్థలం ఎంపిక చేయమన్నప్పుడు ఆయన నగరంలో పలుచోట్ల మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ ఆలస్యంగా కుళ్ళిందో ఆ చోటునే ఎంచుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఇది ఎంతవరకు నిజమో గానీ, చూసి తేల్చుకోనిదే దేన్నీ ఒప్పుకోని ఆయన స్వభావానికి మాత్రం సరిగ్గా సరిపోతుంది.

ఆయన కొలువు తీరు గురించి చరిత్రకారుడు ఇబ్న్ నదీమ్ వివరించాడు. రాజీ ముందు శిష్యులు, వారి ముందు వారి శిష్యులు, ఆ తర్వాత మరికొందరు వరుసలుగా కూర్చునేవారు. వచ్చిన రోగి మొదట చివరి వరుసవారికి తన బాధ చెప్పుకునేవాడు. వారికి అంతుబట్టకపోతే పై వరుసకు, అక్కడా తేలకపోతే చివరికి రాజీ వద్దకు చేరేవాడు. ఈ ఏర్పాటువల్ల ప్రతి శిష్యుడూ నేర్చుకునేవాడు, కఠినమైన జబ్బులు గురువు దృష్టికి వచ్చేవి. ఆయన పేదల పట్ల ఎంతో దయ చూపేవారు. వైద్యుడు అందుబాటులో లేనివారి కోసం ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు.

ఆ రోజుల్లో యూనానీ హకీం జాలీనూస్ మాటకు తిరుగులేదు. రాజీ కూడా ఆయన్ను గురువుగానే గౌరవించారు. అయినా దవాఖానాలో కనిపించే జ్వరాలు పుస్తకంలో రాసినట్టు నడవకపోవడం గమనించి, జాలీనూస్‌పై తన సందేహాలను గ్రంథంగా వెలువరించారు. అందుకు విమర్శలు కూడా ఎదుర్కొన్నారు. సర్సామ్ అనే మెదడు వాపు రోగులలో కొందరికి రక్తం తీయించి, మరికొందరికి ఉద్దేశపూర్వకంగా తీయించకుండా ఉంచి, ఫలితాలను పోల్చారు. రక్తం తీయడం మేలని ఆయన భావించారు. ఆ చికిత్సను నేటి వైద్యం అంగీకరించదు. కానీ పోల్చి చూసే ఆ పద్ధతే నేటి వైద్య పరిశోధనకు పునాది. మశూచిని, తట్టును వేరుచేసి వివరించిన ఆయన గ్రంథం కూడా ఇలాంటి పరిశీలన ఫలమే.

వృద్ధాప్యంలో చూపు కోల్పోయి 925లో రయ్‌లోనే కన్నుమూశారు. ఆయన రాసుకున్న కాగితాలను శిష్యులు చేర్చి 'అల్ హావీ' అనే మహాగ్రంథంగా కూర్చారు. 1279లో అది లాటిన్‌లోకి వెళ్ళింది. దాని అరబీ మూలాన్ని 1955 నుంచి సంపుటాలుగా అచ్చువేసిన ఘనత మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్‌ది.

ఒక చిన్న మార్పు చేయడం, ఫలితాన్ని రాసుకోవడం, పోల్చడం, మేలనిపిస్తే కొనసాగించడం, లేకుంటే మానేయడం: ఆసుపత్రులను బాగుచేసే విద్యగా ఈనాడు డాక్టర్లకు, నర్సులకు నేర్పుతున్నది ఇదే. వైద్యవిద్య చదువుతున్న మన పిల్లలు రాజీ పేరు చెప్పుకుని గర్వపడితే సరిపోదు. మంచం పక్కన నిలబడి చూసింది చూసినట్టు రాసుకునే ఆయన అలవాటును కూడా అందిపుచ్చుకోవాలి. గురువును గౌరవిస్తూనే ఆయన మాటను పరీక్షించవచ్చునని, ఆ పరీక్ష రోగి ప్రాణం కోసమేనని రాజీ జీవితం మనకు బోధిస్తున్నది.