సర్వాయి పాపన్న: తాటివనము మొదలు కల్లుమండువ వరకు

పడమటి దేశములందు ద్రాక్షతోటలున్న పల్లెలకు జనులు తీర్థయాత్రకు వలె పోవుదురు. తోట యజమాని నేలమాళిగలోని పీపాలను చూపును. వచ్చినవారు ఏ యేటి రసము ఎట్టిదో రుచి చూచి చర్చింతురు. ఉత్తర తెలంగాణమున కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతములందు ద్రాక్షసారాయి లేదు గాని, ఆ యాచారము వేరొక రూపమున తరతరములుగా ఉన్నది. చెరువుగట్టుననున్న తాటివనమే ఇచటి మధుశాల.

కల్లు నిలువయుండు పానీయము కాదు. వేకువను చెట్టు దిగిన తీయని రసము ఎండ యెక్కునప్పటికి పులియ నారంభించును. సాయంకాలమునకు ఘాటెక్కును. మరునాటికి పుల్లబడి త్రాగుటకు పనికిరాకుండును. కావున త్రాగువాడే చెట్టు కడకు పోవలెను. పోతుతాటి కల్లొక రుచి, పండుతాటి కల్లొక రుచి, ఈతకల్లు మరియొక రుచి. ఏ చెట్టు లొట్టి ఎట్టిదో అలవాటుపడినవాడు తాటాకు రేకతో ఒక గ్రుక్క త్రాగి చెప్పగలడు. ఆదిలాబాదు అడవులలోని గోండులకు ఇప్పపూవు సారాయి అట్టిదే. అది వారి దేవతాకార్యములందును స్థానము పొందినది.

ఊరిలో నలుగురు చేరు చోటులలో కల్లుమండువ యొకటి. కూర్చుండు తావులందు భేదము పాటింపబడినను, అచట పుట్టిన మాట అందరి చెవిని బడును. పన్ను పెరిగిన వార్తయు, దొర చేసిన దౌర్జన్యమును, దారిదోపిడుల కథయు అచటనే వినవచ్చును. అట్టి తాటివనములో పుట్టి, కోటలు కట్టి, మొగలు సుబేదారులను దశాబ్దమునకు మించి కలవరపెట్టి, కడపట కల్లమ్మువాని కంటబడి పట్టుబడినవాడు సర్వాయి పాపన్న. ఆతని చరిత్రము తెలంగాణపు పల్లెల చరిత్రములో ముఖ్యమైన యధ్యాయము.

పాపన్న గౌడ కులజుడు. నేటి జనగామ జిల్లా రఘునాథపల్లి మండలములోని ఖిలాషాపురము, దాని సమీపమునందలి తాటికొండ ఆతని జీవితముతో పెనవేసికొన్న గ్రామములు. తల్లి పేరు సర్వమ్మ. ఆతడు 1650 ఆగష్టు 18న జన్మించెనని ప్రసిద్ధి. తెలంగాణ ప్రభుత్వము ఆ దినముననే ఆతని జయంతిని జరుపుచున్నది.

గీతపని సులభమైనది కాదు. నడుమునకు మోకు చుట్టుకొని, కత్తులుంచిన ముస్తాదు తగిలించుకొని, గీతకాడు దినమునకు రెండు మూడు మారులు అదే చెట్టెక్కవలెను. గెలను పలుచగా చెక్కి లొట్టి కట్టవలెను. చెక్కుట మానినచో రసము ఆగిపోవును, లోతుగా చెక్కినచో గెల చెడును. కాలు జారినచో ప్రాణమే పోవును. ఇంత శ్రమపడి దింపిన కల్లుపై సర్కారు పన్నును, ఊరి పెద్దల వాడుకలును ఉండనే ఉండెను. చెట్టు ఒకరిది, శ్రమ మరియొకరిది, ఫలము పలువురిది. ఎల్లమ్మను, కాటమయ్యను మ్రొక్కి చెట్టెక్కు ఈ జాతిలో పుట్టిన యువకుడు ఆ వృత్తిని ఏల విడిచెననుటకు రెండు సమాధానములు కలవు.

ఒకటి జానపదుల సమాధానము. పాపన్న కులవృత్తి తనకు తగదని తల్లితో చెప్పి, చెట్టుపై గాక గోలకొండ కోటపైనే తన కత్తి పడవలెనని పట్టుబట్టినట్లు పాటకులు గానము చేయుదురు. తల్లి వలదని వారించినను ఆతడు వినలేదట. రెండవది మొగలుల కాలపు పారసీక చరిత్రకారుడైన ఖాఫీఖాను సమాధానము. ఆయన గ్రంథమున పాపన్న వీరుడు కాడు, దుష్టుడైన దొంగ. ధనవంతురాలైన తన వితంతు సోదరి సొమ్మును అపహరించి, దానితో అనుచరులను కూర్చుకొని, తాటికొండపై మట్టికోట కట్టి దారులు కొట్టసాగెనని ఆయన వ్రాసెను. ఒకే మనుష్యుని పల్లెవారు పాపన్న యనిరి, దర్బారువారు పాపడనిరి. పేరులోని ఈ భేదముననే రెండు పక్షముల దృష్టి తెలియుచున్నది.

ఆ కాలస్థితిని గమనింపక పాపన్నను గ్రహింపజాలము. 1687లో ఔరంగజేబు గోలకొండను గెలుచుటతో కుతుబుషాహీల రాజ్యమంతరించెను. క్రొత్త అధికారులు వచ్చిరి. దక్కనులో యుద్ధములు మాత్రమాగలేదు. సైన్యముల వ్యయము భూమిపై బడెను. జమీందారులు రైతులపై బడిరి. బాటలు భద్రములు కాకపోయెను. ఇట్టి సంధికాలమున, 1690 తరువాతి యేండ్లలో, పాపన్న పేరు వినవచ్చెను.

తొలి ప్రయత్నము నిలువలేదు. చుట్టుపట్ల జమీందారులును ఫౌజుదారులును కలిసి ఆతనిని తాటికొండ నుండి తరిమిరి. ఆతడు నేటి కామారెడ్డి జిల్లాలోని కౌలాసునకు పోయి, జమీందారు వెంకటరావు కొలువున జమాదారుగా చేరెను. పాత అలవాటు మానకపోవుటచే వెంకటరావు ఆతనిని చెరలో పెట్టించెను. కొన్ని నెలలకు జమీందారు కుమారునికి జబ్బు చేసెను. ఖైదీలను విడిచినచో బిడ్డకు స్వస్థత కలుగునని తలచి జమీందారు భార్య వారిని విడిపించెను. వారిలో పాపన్నయు బయటపడెను.

పిమ్మట ఆతడు సొంత ప్రాంతమునకు మరలి వచ్చి షాపురమున, అనగా నేటి ఖిలాషాపురమున, కోట కట్టెను. సర్వ యను అనుచరుడు తోడయ్యెను. ఆతని దండులోనివారి పేర్లు జానపద గాథలో నిలిచియున్నవి. చాకలి సర్వన్న, మంగలి మానన్న, కుమ్మరి గోవిందు, మేదరి యెంకన్న, యెరుకల చిత్తేలు, జక్కుల పెరుమాళ్ళు, యానాది పాశేలు ఒక ప్రక్క. హసను, హుసేను, తుర్క హిమాము, దూదేకుల పీరు, కొత్వాలు మీరుసాహేబు మరియొక ప్రక్క. ఈ జాబితాలో దొరలు లేరు, దేశముఖులు లేరు. చేతిపనివారును, సంచార జాతులవారును, సామాన్య ముస్లిములును ఉన్నారు. కల్లుమండువకు వచ్చిపోవు జనమే ఇంచుమించుగా కోటలోనికి తరలివచ్చినదని ఊహించినచో దోషము లేదు. మతమును బట్టి గాని కులమును బట్టి గాని ఈ దండు కూడలేదని స్పష్టము.

కొల్లలు పెరిగిన కొలది ఫిర్యాదులు ఔరంగజేబు వరకు పోయెను. హైదరాబాదు నాయబు సుబేదారైన రుస్తుందిల్ ఖాను, కొలనుపాక ఫౌజుదారైన ఖాసింఖానును పాపన్నపైకి పంపెను. పోరాటమున ఖాసింఖానే మరణించెను. పిమ్మట రుస్తుందిల్ ఖాను స్వయముగా దండెత్తి షాపురమును ముట్టడించెను. పాపన్నయు, సర్వయు తప్పించుకొనిరి. కోట కూల్చబడెను. సైన్యము మరలగానే పాపన్న తిరిగి వచ్చి, మట్టికోట యుండినచోటనే రాయి, సున్నములతో గట్టికోట కట్టించెను. ఈలోపల సర్వయు, పురదిల్ ఖాను అను మరియొక నాయకుడును తమలో తాము ద్వంద్వయుద్ధము చేసి ఇరువురును చనిపోయిరి. నాయకత్వమంతయు పాపన్నదే అయ్యెను.

1707లో ఔరంగజేబు చనిపోగా కుమారులు సింహాసనమునకై పోరాడజొచ్చిరి. ఆ యదను పాపన్న కనిపెట్టెను. 1708 ఏప్రిల్ 1న, మొహర్రం పదవనాడు, నగరవాసులు పీరుల సందడిలో నుండగా రెండు మూడువేల కాల్బలముతోను, నాలుగైదువందల గుఱ్ఱములతోను ఓరుగల్లుపై బడెను. ప్రాకారము దాటి నగరము ప్రవేశించి ధనము దోచెను. వేలమందిని చెరపట్టెను. వారిలో స్త్రీలును పిల్లలును ఉండిరి. ఖాజీ భార్యయు కుమార్తెయు కూడ బందీలైరి. అదే సంవత్సరము జూన్ 1న, ప్రవక్త జన్మదినమున, భువనగిరిపై బడెను. జానపదులు ఆతడు గోలకొండనే కొంతసేపు ఏలెనని నమ్ముదురు. పారసీక గ్రంథములలో నున్నది మాత్రము ఓరుగల్లు, భువనగిరి దండయాత్రలు.

ఈ ఘట్టమును కప్పిపుచ్చుట న్యాయము కాదు. దోపిడికి గురియైనవారందరు పీడకులు కారు. బంజారా వర్తకుల ఎద్దులను వేలకొలదిగ పట్టి తన పొలములు దున్నించెనని ఖాఫీఖాను వ్రాసెను. పొలము దున్నించువాడు కేవలము దారిదొంగ కాడు, రాజ్యము స్థాపింపగోరినవాడు. కాని ఎద్దులు పోగొట్టుకొన్న బంజారాకు ఆ భేదమెట్లు తోచును?

1709 జనవరిలో బహదూరుషా తన తమ్ముడు కాంబక్షును హైదరాబాదు కడ జయించి దర్బారు చేసెను. పాపన్న పదునాలుగు లక్షల రూపాయలును, సైన్యమునకు ధాన్యాదులును సమర్పించి, పాదుషా చేత గౌరవవస్త్రము పొందెను. గీతకానికి పాదుషా సన్మానమా యని నగర ప్రముఖులు కలతపడిరి. చెరపడినవారి బంధువులు మొఱపెట్టిరి. షా ఇనాయతు అను పూజ్యుడైన వృద్ధుడు వారి పక్షమున నిలిచెను. పాదుషా మనసు మారెను. క్రొత్త సుబేదారైన యూసుఫ్ ఖానుకు పాపన్నను అణచుమని ఆజ్ఞ యయ్యెను.

పతనము ఇంటిలోనుండియే మొదలయ్యెను. షాపురము చెరలోనున్నవారిలో పాపన్న బావమరిది యొకడు. ఆతడు ఫౌజుదారు. పాపన్న వేరొక కోటను ముట్టడించుచుండగా, భార్య తన సోదరునికి పంపు భోజనములో ఆకురాళ్ళు దాచి పంపెను. వానితో ఖైదీలు సంకెళ్ళు కోసికొని కోటను వశపరచుకొనిరి. పాపన్న పరుగున వచ్చునప్పటికి తన ఫిరంగులే తనపై మ్రోగెను. దిలావర్ ఖాను సైన్యము కూడ వచ్చిపడెను. పాపన్న తాటికొండకు తప్పించుకొనిపోయెను. మొదట మట్టికోట కట్టినచోటనే తుదిపోరు జరిగెను. ముట్టడి నెలలు సాగెను. విడిచివచ్చిన సిపాయిలకు రెట్టింపు జీతమిత్తుమని మొగలులు ఆశపెట్టిరి. 1710లో తుపాకిమందు అడుగంటెను. కాలికి గాయమైన పాపన్న మారువేషముతో ఒంటరిగ తప్పించుకొనెను.

ఆతడు చేరినది హసనాబాదు. తాటికొండ నుండి రెండు దినముల నడక దూరమని చెప్పబడుటచేతను, పేరునుబట్టియు, పూర్వపు కరీంనగరం జిల్లాలోని హుస్నాబాదే ఇదియని తలపవచ్చును. ఆ ప్రాంతమున సర్వాయిపేట యను గ్రామమును, గుట్టపై కోట శిథిలములును నేటికిని ఆతని పేరు నిలుపుచున్నవి. గాయముతో, ఆకలిదప్పులతో వచ్చినవాడు మొదట వెదకినది కల్లమ్ముచోటు. తన జాతివాడు, తన వృత్తివాడు అచట నుండును. కల్లు ఎచటిదో, ఏ పూటదో తెలియుటకు ఆతనికి ఒకరు చెప్పనవసరము లేదు. ఆతడు కల్లు అడిగెను. అమ్మువాడు వేషము వెనుకనున్న మనిషిని గుర్తించెను. ఆ వార్త సైనికులకు చేరెను. పాపన్న పట్టుబడెను. ఆతనిని చంపి, తలను పాదుషా కడకు పంపి, మొండెమును హైదరాబాదు కోటద్వారమున వ్రేలాడదీసిరి.

మొగలు సేనాపతులు ఏండ్లతరబడి చేయలేని పనిని కల్లమ్మువాడొకడు క్షణములో చేసెను. వాడు బహుమానమునకు ఆశపడెనా, సర్కారునకు జడిసెనా, లేక పాపన్న దండుచేత తానును నష్టపోయెనా? పారసీక గ్రంథము చెప్పదు. కాని ఆ ప్రశ్నలోనే పాపన్న బలమును, బలహీనతయు ఉన్నవి. పేదవారి చేత రాజ్యము నిలుపగలనని ఆతడు చూపెను. ఆ రాజ్యము కొల్లపై నిలిచినందున పేదవారందరి నమ్మకమును మాత్రము పొందజాలకపోయెను.

ఐనను మండువ ఆతనిని పట్టించినదేకాని మరవలేదు. దర్బారు గ్రంథము దుష్టుడని వ్రాసిన వానిని పాటకులు నూటయరువదియేండ్ల పిమ్మటను పాడుచుండగా, 1874లో బాయిల్ అను ఆంగ్లేయుడు ఆ గాథను అచ్చులో ప్రకటించెను. 1980లో జాన్ రిచర్డ్సు, వెల్చేరు నారాయణరావుగార్లు పాటను, పారసీక గ్రంథమును ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించిరి. 2005లో రిచర్డ్ ఈటన్ దక్కను సామాజిక చరిత్రమున పాపన్నకు ఒక యధ్యాయము కేటాయించెను. చరిత్రము బోధించువారికి ఇంతకన్న మంచి యుదాహరణము దొరకుట యరుదు. ఒక సాక్ష్యమునే నమ్మినచో పాపన్న దొంగయగును. వేరొకదానినే నమ్మినచో దోషరహితుడగును. రెండును చదివినపుడే మనిషి కనబడును.

తాటివనములును మిగిలియున్నవి. 2023లో హైదరాబాదున హుస్సేనుసాగరపు ఒడ్డున ప్రభుత్వము నీరా కేఫు తెరువగా, నగరవాసులును పులియని రసము రుచి చూచుటకు పోవుచున్నారు. చెట్టుపైనుండి పడి గీతకార్మికులు చనిపోవుట చూచి, 2024లో ప్రభుత్వము కాటమయ్య పేర రక్షణకవచములను పంచ నారంభించెను. పాపన్న మోకు విడిచి మూడు శతాబ్దములు దాటినను, లొట్టిలోని రసమునకు చెల్లించు వెల ఎక్కువభాగము ఇప్పటికిని చెట్టెక్కువాని ప్రాణభయమే. రేక చేతబట్టి రుచి చూచువారు ఆ సంగతిని తలచుట ధర్మము.