మొదటి బుక్క రాయలు

మొదటి బుక్క రాయలు (పాలనా కాలం: 1356–1377) విజయనగరాన్ని పరిపాలించిన సంగమ వంశపు రెండవ రాజు, మొదటి హరిహర రాయలకు తమ్ముడు. ఇతని కుమారుడు కుమార కంపన మధుర సుల్తానును జయించాడు. వేదభాష్యకారుడైన సాయణుడు ఇతని ఆశ్రయం పొందినవాడు. 1377లో బుక్క రాయలు మరణించగా కుమారుడు రెండవ హరిహర రాయలు రాజయ్యాడు. అయితే అనంతపురం సీమలో ఇతని పేరు నిలిచింది యుద్ధాల వలన కాదు, చెరువుల వలన.

చెరువులు

ఈ సీమలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ కొద్ది రోజులలోనే. నీటిని ఆపిన చోటే పైరు. 1364లో ఇతని మంత్రి చిక్క ఒడయరు పండమేరుకు అడ్డంగా కట్ట వేయించగా, దాని రెండు చివరల బుక్కరాయసముద్రం, అనంతసాగరం అనే ఊళ్ళు వెలిశాయని ప్రతీతి. పుట్టపర్తికి చేరువలో, చిత్రావతిపై ఉన్న బుక్కపట్నం చెరువుకు ఆనుకొని ఉన్న ఊరిదీ ఇతని పేరే.

ఉదయగిరిని పాలించిన మరొక కుమారుడు భాస్కరుడు కడప సీమలోని పోరుమామిళ్ళలో చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళు పనిచేశాయట. మంచి చెరువుకు పన్నెండు అంగాలనూ, ఆరు దోషాలనూ ఆ శాసనం చెబుతుంది. కట్ట ఊట, చౌడు నేల, కొద్ది నీటికి విస్తారమైన భూమి ఆ దోషాలలోనివి. చివరి దోషం నేటి బోరుబావుల సేద్యానికీ చక్కగా వర్తిస్తుంది.

ఎగువన చెట్లు నరికితే మన్ను కొట్టుకువచ్చి చెరువు పూడుతుంది. పూడిన చెరువు పెద్దవానకు గండి పడుతుంది. బుక్కరాయసముద్రం చెరువు తెగబోగా ఊరిని కాపాడటానికి ముసలమ్మ అనే కోడలు గండిలో ఆత్మార్పణ చేసిందని ఐతిహ్యం. కట్టమంచి రామలింగారెడ్డి రచించిన ముసలమ్మ మరణం కావ్యానికి ఇదే ఇతివృత్తం.