మాన్ రే జీవితము – వాయులీన చిత్రము

అధివాస్తవిక కళను గూర్చి ముచ్చటించునపుడెల్ల తప్పక ప్రస్తావనకు వచ్చు ఛాయాచిత్రమొకటి కలదు. నలుపు తెలుపులలోనున్న ఆ చిత్రమున తలపాగా ధరించిన స్త్రీ యొకతె వెనుదిరిగి కూర్చుండి యుండును. ఆమె చేతులు కానరావు. నగ్నమైన వీపుపై వాయులీనమునకుండు రెండు నాదరంధ్రములు నల్లగా గోచరించును. దీని నిర్మాత మాన్ రే.

ఇతని యసలు పేరు ఇమాన్యుయెల్ రాడ్నిట్‌స్కీ. 1890 ఆగస్టు 27వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, రష్యానుండి వలస వచ్చిన యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి కుట్టుపనివాడు. బాల్యము బ్రూక్లిన్‌లో గడచెను. వాస్తువిద్య నభ్యసించుటకు లభించిన విద్యార్థివేతనమును నిరాకరించి ఇతడు చిత్రలేఖనమునే వరించెను. 1912లో కుటుంబము తన యింటిపేరును రే యని కుదించుకొనెను. ఇతడు కెమేరాను మొదట కొన్నది తన వర్ణచిత్రములకు ప్రతులు తీసికొనుటకు మాత్రమే.

1921లో ఇతడు పారిస్ చేరెను. అచట నితని వర్ణచిత్రములకు కొనుగోలుదారులు కరవైరి. జీవనోపాధికై ప్రముఖుల రూపచిత్రములను, వస్త్రాలంకరణ పత్రికలకు వలసిన చిత్రములను తీయవలసి వచ్చెను. 1922లో మార్సెల్ ప్రూస్త్ మరణశయ్యా చిత్రమును తీసినది ఇతడే. కెమేరా లేకయే, వస్తువులను ఛాయాగ్రాహక పత్రముపై నుంచి వెలుగు సోకించి చిత్రములు చేసి, వానికి రేయోగ్రాఫులని పేరిడెను. తరువాత 1930 ప్రాంతమున ఇందూరు మహారాజు యశ్వంతరావు హోల్కరు దంపతుల చిత్రములను గూడ తీసెను.

వాయులీన చిత్రము 1924 నాటిది. ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ (1780–1867) తీరిక వేళల వాయులీనము వాయించెడివాడు. దానినిబట్టి ఫ్రెంచిభాషలో ‘ఆంగ్ర్ వాయులీనము’ అనగా ప్రధానవృత్తికి వెలుపలనుండు ప్రియవ్యాసంగమని యర్థమేర్పడినది. ఆ పలుకుబడియే చిత్రమునకు పేరయ్యెను; ఆంగ్ర్ చిత్రించిన స్నానవనితల భంగిమయే దానికి మాతృక. నాదరంధ్రములు దేహముపై గీసినవి కావు, ఛాయాపటము సిద్ధము చేయునపుడు చేర్చినవి. ఆంద్రే బ్రెతాన్ సంపాదకత్వమున వెలువడిన ‘లితెరాత్యూర్’ పత్రికలో ఇది 1924 జూన్‌లో ప్రకటితమైనది. ఆ యేడే బ్రెతాన్ అధివాస్తవిక ప్రణాళికను వెలువరించెను. ఈ యుద్యమమే తరువాత శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబుల మూలమున తెలుగు కవితకు పరిచితమైనది.

చిత్రములోని స్త్రీ కికీగా ప్రసిద్ధి చెందిన ఆలిస్ ప్రాన్. ఆమెను వాయిద్యముగా మార్చివేసినారను విమర్శ నిరాధారము కాదు. ఆమె గాయని, చిత్రకారిణి. 1927లో స్వీయచిత్రములను ప్రదర్శించి, 1929లో స్మృతులను ప్రకటించినది. చేతులు లేనట్లు కనిపించు ఆ మూర్తిని మాత్రమే చూచువారికి ఈ సంగతి స్ఫురింపదు.

యుద్ధము కారణముగా 1940లో అమెరికాకు మరలిన మాన్ రే, 1951లో తిరిగి పారిస్ చేరి, 1963లో ఆత్మకథను ప్రకటించి, 1976 నవంబరు 18వ తేదీన అచటనే మరణించెను. జీవితాంతము తన్ను చిత్రకారునిగానే గుర్తింపవలెనని యాతడాశించెను. కాని 2022లో ఆ వాయులీన చిత్రపు తొలినాటి ప్రతి యొకటి న్యూయార్కు వేలములో సుమారు 1.24 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయినది. అంతవరకు ఏ ఛాయాచిత్రమునకును వేలములో నంతటి వెల పలుకలేదు. చిత్రలేఖనమునకు సాయముగా చేపట్టిన కెమేరాయే యాతని పేరును నిలిపినది.