నవాబు అలీ నవాజ్ జంగ్

మంజీరానది మహారాష్ట్రమునందలి బాలాఘాటు కొండలలో పుట్టి, కర్ణాటకమును దాటి తెలంగాణమున ప్రవేశించి, ఉత్తరమునకు తిరిగి, కందకుర్తి సమీపమున గోదావరిలో కలియుచున్నది. వానకాలమున ఒడ్డులొరసి పారుటయు, వేసవిలో ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయగా మిగులుటయు దీని స్వభావము. ఈ నదికి అడ్డుకట్ట వేసి, వానకాలపు నీటిని సంవత్సరమంతటికిని దాచి, నిజామాబాదు, బోధను ప్రాంతముల పంటలకును, పరిశ్రమకును, విద్యుత్తునకును పునాది వేసిన మహనీయుడు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877వ సంవత్సరము జూలై 11వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. నిజాం కళాశాలలో చదివిన పిదప, ప్రభుత్వ విద్యార్థివేతనముతో 1896లో ఇంగ్లండునకు పోయి, కూపర్సు హిల్ ఇంజనీరింగు కళాశాలలో విద్య ముగించెను. 1899లో స్వదేశమునకు మఱలివచ్చి, నిజాం రాజ్యపు ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరెను. మెట్టు వెంట మెట్టెక్కి 1918 నాటికి ఆ శాఖకు ప్రధాన ఇంజనీరయ్యెను.

ఆ కాలమున హైదరాబాదు రాజ్యమునకు బొగ్గు కొఱత లేదు. ఇల్లెందు ప్రాంతమున 1889 నుండియే గనులు త్రవ్వబడుచుండెను. కాని బొగ్గు వాడిన కొలది తరుగును. దానిని ఏటేట కొని, దూరము నుండి మోసి తెచ్చుకొనవలెను. నది అట్లు గాదు. ఈ యేడు ఖర్చయిన నీరు మరుసటి వానలతో మరల వచ్చి చేరును. అయితే నదిని పనికి తెచ్చుకొనుటలో ఒక చిక్కు కలదు. ఆనకట్టయు, తూములును, కాలువలును ముందే కట్టవలెను. ధనమంతయు మొదటనే వెచ్చింపవలెను. ఫలము మాత్రము మెల్లమెల్లగా, పెక్కేండ్లకు గాని చేతికి రాదు. ఇట్టి కార్యమునకు పూనుకొనువానికి దూరదృష్టియు, లెక్క తప్పని బుద్ధియు నుండవలెను. ఆ రెండును అలీ నవాజ్ జంగునకు కలవు.

అచ్చంపేట గ్రామసమీపమున 1923లో నిజాంసాగర్ నిర్మాణ మారంభమై, 1931లో ముగిసెను. దాదాపు 3,000 కోట్ల ఘనపుటడుగుల నీరు నిలుచునట్లును, 2,75,000 ఎకరములకు పారునట్లును దానిని రూపొందించిరి. ఈ జలాశయమున పెక్కు పల్లెలు మునిగిపోయెను. తాతముత్తాతల నాటి ఇండ్లను, పొలములను విడిచి ఆ గ్రామస్థులు వేఱు చోట్లకు తరలిపోయిరి. దిగువనున్న పచ్చని పొలముల వెనుక వారి త్యాగము కలదని మఱువరాదు.

కాలువలు పారుటతో బోధను, బాన్సువాడ ప్రాంతములలో వరియు, చెరకును విస్తరించెను. కృష్ణా, గుంటూరు మొదలగు జిల్లాల నుండి రైతులు వచ్చి, క్యాంపులని పిలువబడు క్రొత్త పల్లెలు కట్టుకొనిరి. 1937లో బోధను చెంత శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. చక్కెర మిల్లులలో ఒక విశేషము కలదు. చెరకును పిండగా మిగిలిన పిప్పినే బాయిలర్లలో కాల్చి, ఆ ఆవిరితో యంత్రములను నడపి రసమును కాచుదురు. పొలము నుండి సరకుతో పాటు ఇంధనము కూడ వచ్చునన్న మాట. మిగిలిన మడ్డి నుండి తీసిన ఆల్కహాలును పెట్రోలులో కలిపి వాహనములు నడపవచ్చును. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇట్టి ఆల్కహాలు కలుపు స్థితి వచ్చెను. అంతమేరకు విదేశముల నుండి కొనవలసిన చమురు తగ్గును.

అలీ నవాజ్ జంగు కీర్తి రాజ్యపు ఎల్లలు దాటెను. 1929లో సింధునదిపై సుక్కూరు బ్యారేజిని పరిశీలించుటకు బొంబాయి ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యతో పాటు ఆయనను నియమించెను. 1938లో నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘమున నీటిపారుదల ఉపసంఘమునకు ఆయన అధ్యక్షుడయ్యెను. అదే సంఘమున విద్యుత్తు, ఇంధనముల ఉపసంఘమునకు శాస్త్రజ్ఞుడు మేఘనాథ్ సాహా అధ్యక్షుడు. స్వతంత్రము కానున్న దేశమునకు నీరును, శక్తియు ఎట్లు సమకూడునో ఆనాడే పెద్దలు యోచించిరి. 1949 డిసెంబరు 6వ తేదీన అలీ నవాజ్ జంగు పరమపదించెను.

ఆయన పోయిన పిదప, 1950ల దశకమున, నిజాంసాగర్ వద్ద జలవిద్యుత్కేంద్రము వెలసెను. కాలువకు విడుచు నీరు దారిలో చక్రములను త్రిప్పి విద్యుత్తునిచ్చి, తరువాత పొలములకు పోవును. దాని శక్తి 10 మెగావాట్లు. తెలంగాణ రాష్ట్రము ఒక్కొక్క దినమున 16,000 మెగావాట్లకు పైగా కోరుచున్న నేటి కాలమున అది స్వల్పమే. నీరు విడువని దినములలో అదియును లభింపదు. అయినను దానికి కొనవలసిన ఇంధనము లేదు. నేటి సూర్యవిద్యుత్తునకును, పవనవిద్యుత్తునకును ఇదియే లెక్క. పెట్టుబడి మొదట పెద్దది. పిదప ఎండకును గాలికిని ఎవరికిని వెల చెల్లింప నక్కఱలేదు.

ఇంధనమునకు వెల లేకున్నను, సంరక్షణకు వెల కలదు. ఏటేట వచ్చిన ఒండ్రుమట్టి నిజాంసాగర్‌లో పేరుకొని, నేడు జలాశయము దాదాపు 1,780 కోట్ల ఘనపుటడుగులు మాత్రమే పట్టుచున్నది. ఒకప్పుడు ఆసియాఖండముననే పెద్దదిగా పేరొందిన బోధను కర్మాగారము 2015లో మూతపడెను. పూర్వులు నిర్మించి యిచ్చినది తనంత తానుగా నిలువదు. దానిని కాపాడుట తరువాతివారి వంతు.

అలీ నవాజ్ జంగు పుట్టిన జూలై 11వ తేదీని తెలంగాణమున ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు. తాను చూడని తరముల కొఱకు నీటిని నిలిపిన ఆయన జీవితము విద్యార్థులకు ఆదర్శప్రాయము.