జూలియస్ కోన్‌హైమ్

జూలియస్ కోన్‌హైమ్ (జూలై 20, 1839 - ఆగష్టు 15, 1884) సుప్రసిద్ధ జర్మన్ పాథాలజీ శాస్త్రవేత్త. పొమెరేనియా ప్రాంతంలోని డెమ్మిన్ పట్టణంలో యూదు కుటుంబంలో జన్మించాడు. బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్షో వద్ద సహాయకుడిగా పనిచేశాడు. చీములోని కణాలు రక్తనాళాల గోడల గుండా వెలువడిన తెల్ల రక్తకణాలేనని 1867లో కప్పలపై ప్రయోగాలతో చూపాడు. ఇది గురువుగారి అభిప్రాయానికి భిన్నమైనది. అనంతరం కీల్, బ్రెస్లావ్, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయాలలో ఆచార్యుడయ్యాడు.

పక్షవాతం - గుండెలో రంధ్రం

ఈయన కీర్తికి పై పరిశోధనే ప్రధాన కారణమైనా, 1877లో వెలువడిన ఉపన్యాస గ్రంథంలోని ఒక చిన్న పరిశీలన నేటికీ వైద్యులకు మార్గం చూపుతున్నది. 35 ఏళ్ళ స్త్రీ ఒకామె మెదడు ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడి మరణించింది. శవపరీక్షలో గడ్డకు మూలం కాలి సిరలో కనిపించింది. సిరలలోని గడ్డ సాధారణంగా ఊపిరితిత్తులలోనే చిక్కుకోవాలి. మరి మెదడుకు ఎలా చేరింది? గుండె పైగదుల నడుమ ఫొరామెన్ ఓవేల్ అనే ద్వారం మూసుకోకుండా పెద్దదిగా ఉండుటే కారణమని కోన్‌హైమ్ గ్రహించాడు.

గర్భస్థ శిశువుకు ఈ ద్వారం అవసరం. జననానంతరం మూసుకొనవలసి ఉన్నా, పెద్దలలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోదు. వారిలో అధికులకు ఏ హానీ కలుగదు, కనుక ద్వారమున్నదని తెలిసినంత మాత్రాన భయపడనక్కరలేదు. కోన్‌హైమ్ కాలంలో ఇది మరణానంతరమే బయటపడేది. ఇప్పుడు సూక్ష్మమైన గాలి బుడగలున్న సెలైన్‌ను సిరలోకి ఎక్కించి, ఎకో పరీక్షతో గుర్తిస్తారు. వేరే కారణమేదీ కానరాని పక్షవాతం వచ్చిన కొందరు మధ్యవయస్కులలో, యువకులలో ఆ ద్వారాన్ని చిన్న పరికరంతో మూసివేస్తే పక్షవాతం తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుందని 2017లో ప్రచురితమైన పరిశోధనలు తెలిపాయి.

కోన్‌హైమ్ చాలాకాలం గౌట్ వ్యాధితో బాధపడి, 45వ ఏట లైప్‌జిగ్‌లో మరణించాడు.